రూప మొక్కటి, నివాసము వేఱు

పూర్వము మధ్యధరా సముద్రతీర దేశములలో తేనెటీగలను పెంచువారికి ఒక వింత విశ్వాస ముండెడిది. తెగులు తగిలి పట్టులోని ఈగలన్నియు చచ్చినచో, ఒక కోడెదూడ కళేబరమునుండి క్రొత్త తేనెటీగలను పుట్టించుకొనవచ్చునని వారు నమ్మిరి. రోమక మహాకవి వర్జిల్ క్రీస్తు పూర్వము 29 ప్రాంతమున ముగించిన తన కృషికావ్యపు నాలుగవ భాగమున ఆ విధానమును సాంగముగ వివరించినాడు. ఇఱుకైన గది యొకటి కట్టవలెను. నాలుగు దిక్కులకు నాలుగు కిటికీలు పెట్టవలెను. రెండేండ్ల కోడెదూడ ముక్కును నోటిని బిగించి, చర్మము చిట్లకుండ మోది చంపవలెను. క్రింద కొమ్మలు, సువాసనగల ఆకులు పఱచి గదిని మూసి యుంచవలెను. కొన్నాళ్ళకు ఆ కళేబరమున పురుగులు పుట్టి, వానికి రెక్కలు వచ్చి, తేనెటీగలై గుంపులు గుంపులుగా వెలువడునట!

ఇది ఒక్క కవి కల్పన కాదు. బైబిలులో సమ్సోను తాను చంపిన సింహపు కళేబరమున తేనెటీగలను, తేనెను చూచిన కథ యున్నది. మనవారికిని ఇట్టి భావము క్రొత్తది కాదు. భ్రమరము తెచ్చి మట్టిగూటిలో పెట్టిన పురుగు, దాని ఝంకారమును విని విని తానును భ్రమరమైపోవునని భ్రమరకీటన్యాయము చెప్పును. వేదాంతమునకు అది చక్కని దృష్టాంతమే. కాని గూటిలో జరుగునది వేఱు. తల్లి ఆ పురుగును కుట్టి చేష్టలుడిపి, గూటిలో దానితోపాటు గ్రుడ్డును పెట్టి మూసి పోవును. గ్రుడ్డునుండి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని పెరిగి రెక్కలతో బయటికి వచ్చును. మనవారు కన్నులార చూచినది అబద్ధము కాదు. లోపలికి పోయినది ఒకటి, బయటికి వచ్చినది మఱొకటి. నడుమ జరిగినదానిని మాత్రము ఊహతో పూరించుకొనిరి.

వర్జిల్ చెప్పిన కళేబరము సంగతియు ఇట్టిదే. దానినుండి తేనెటీగలవంటివి వెలువడుట నిజమే. అవి తేనెటీగలు కావు. ఈ ప్రాచీన భ్రాంతికి మూలమును తేటపఱచినవాడు కార్ల్ రాబర్ట్ ఓస్టెన్ సాకెన్ అను రష్యా దేశపు ప్రభువు. సెయింట్ పీటర్స్‌బర్గున 1828లో పుట్టి, దౌత్యోద్యోగిగా అమెరికాలో పెక్కేండ్లు గడపి, తీరిక వేళలనే కాక ఉద్యోగము మానిన తరువాతి జీవితమునంతయు రెండు రెక్కల కీటకముల పరిశీలనకు ధారపోసినవాడు. హైడెల్‌బర్గు నగరమున స్థిరపడి 1894లో ఎద్దునుండి పుట్టిన తేనెటీగలను గూర్చి ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. పూర్వులు చూచినది శాస్త్రజ్ఞులు 'ఎరిస్టాలిస్ టీనాక్స్' అని పిలుచు ఈగ యని అందు ఆతడు నిరూపించెను.

తేనెటీగను, ఈ ఈగను ప్రక్కప్రక్కన పెట్టి చూతము. రంగొక్కటే, పరిమాణ మొక్కటే, పూవుపై వ్రాలి తిరుగు తీరును ఒక్కటే. కాని తేనెటీగకు రెక్కలు నాలుగు, దీనికి రెండే. వెనుకజత రెక్కలకు మాఱుగా తల లావైన చిన్న పుల్లలవంటివి రెండున్నవి. అవి ఎగురునప్పుడు తూకము నిలుపును. తేనెటీగ మీసములు పొడవు. దీని మీసములు చూపునకు ఆననంత పొట్టివి. దీని కన్నులు తలనంతటిని ఆక్రమించును. నడుము సన్నము కాదు, కాళ్ళపై పుప్పొడి మూటలుండవు. అన్నిటికంటె ముఖ్యమైన భేదము మఱొకటి కలదు: దీనికి కొండి లేదు, పట్టి గుప్పిట బిగించినను ఏమియు చేయలేదు. పక్షులు మాత్రము తేనెటీగ యని భయపడి వదలివేయుటయే దీని బ్రతుకునకు రక్ష.

ఈ ఈగ జనించిన వంశమును శాస్త్రజ్ఞులు సిర్ఫిడే అందురు. మన వ్యవసాయ గ్రంథములలో వీనిని సిర్ఫిడ్ ఈగలు అని వ్రాయుదురు. గాలిలో దారముతో వ్రేలాడగట్టినట్లు ఒకేచోట నిలిచి, రెప్పపాటున పక్కకు తొలగి, మరల అక్కడనే నిలుచుట వీని అలవాటు. ఇంగ్లీషువారు వీనికి హోవర్‌ఫ్లై అను పేరు అందుకే పెట్టిరి. ప్రపంచమున సుమారు 6000 జాతులున్నవి. కొన్ని తేనెటీగను, కొన్ని కందిరీగను, కొన్ని తుమ్మెదను పోలియుండును. ఇన్ని వేషములు వేసినను దాదాపు అన్నిటికిని ఒక సామాన్య లక్షణ మున్నది. రెక్కలో ఆకునకువలె ఈనెలుండును గదా; ఆ ఈనెల నడుమ, దేనితోను కలియక, మొదలును తుదియు లేని దొంగ ఈనె యొకటి పొడవుగా కనబడును. భూతద్దములో దానిని చూచినవారు ఇది కందిరీగయా ఈగయా అని సందేహింప నక్కరలేదు.

ఇంతకును ఎద్దు కళేబరముతో ఈ ఈగకు పనియేమి? సమాధానము దాని పిల్లపురుగులో నున్నది. శాస్త్రభాషలో దానిని డింభకమందురు. ఇది కుళ్ళిన ద్రవములో, పేడనీటిలో, మురుగుగుంటలో పెరుగును. అట్టి నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువ. అందుచేత దీనికి వెనుక తోకవంటి గొట్టమొకటి కలదు. అది దూరదర్శిని గొట్టములవలె ఒకదానిలో నొకటి దూరి యుండి, అవసరమును బట్టి దేహమునకు పలురెట్లు పొడవుగ సాగును. పురుగు అడుగున మేయుచుండును, తోక కొన పైకి వచ్చి గాలి పీల్చుచుండును. ఫ్రాన్సు దేశపు రియోముర్ 1734 మొదలు 1742 వఱకు ప్రకటించిన తన కీటక చరిత్ర సంపుటములలో ఈ ఎలుకతోక పురుగుల తోక ఎట్లు సాగునో మిక్కిలి ఓపికతో పరిశీలించి వ్రాసెను. అంతకుముందే 1668లో ఇటలీ దేశస్థుడు రెడీ, ఈగలను చేరనీయక గుడ్డ కప్పిన మాంసమున పురుగులు పుట్టవని చూపియుండెను. ఈ రెండు పరిశీలనలను కలిపి చూచియుండినచో కళేబరపు తేనెటీగల కథ అప్పుడే ముగిసెడిది. అట్లు కలిపి చూచువాడు పుట్టుటకు మఱి నూటయేబది ఏండ్లు పట్టెను!

తేనెటీగకు, ఈగకు భేదము తెలియుట మొదటి మెట్టు. అసలు చిక్కు ఈగకు ఈగకు గల భేదమున వచ్చినది. స్వీడను దేశపు లినీయస్ 1758లో జంతువులకు రెండేసి మాటల పేర్లు పెట్టినప్పుడు ఈ ఈగలన్నిటిని ఇంటి ఈగతో కలిపి ఒకే గంపలో వేసెను. ఆతని శిష్యుడు ఫాబ్రీషియస్ 1775లో వీనికి సిర్ఫస్ అను ప్రత్యేక ప్రజాతిని ఏర్పఱచెను. ఈ ఫాబ్రీషియస్ వర్ణించిన హిందూదేశపు కీటకములకు మన తెలుగుదేశముతో ఒక సంబంధ మున్నది. వానిలో పెక్కింటిని తరంగంబాడి డేనిష్ వలసనుండి పంపినవాడు లినీయస్ శిష్యుడే యగు కోనిగ్ అను వైద్యుడు. ఆతడు చెట్టు చేమలను, పురుగు పుట్రను సేకరించుచు తీరమంతయు తిరిగి 1785లో కాకినాడ జగన్నాథపురమున కన్నుమూసెను. సామర్లకోట నుండి రాక్స్‌బరో వచ్చి తుది దినములలో ఆతనికి వైద్యము చేసెను.

లినీయస్, ఫాబ్రీషియస్ మలచిన గంపను విప్పి నిజముగ వేఱుచేసినవాడు మైగెన్. జర్మనీలో జోలింగెను పట్టణమున 1764లో పుట్టిన పేదవాడు. పిల్లలకు పాఠములు చెప్పుకొని బ్రతికినవాడు. ఫాబ్రీషియస్ ఈగల నోటి భాగములను చూచి విభజింపవలెనని చెప్పుచుండెను. నోరు పుల్లతో విప్పిన గాని కనబడదు. విప్పినచో ఈగ చెడును. రెక్క యీనెల నమరికను చూచిన చాలునని మైగెన్ కనిపెట్టెను. అందఱి కంటికి కనబడునది, చచ్చిన ఈగలో సైతము చెడనిది రెక్కయే గదా! ఐరోపా ఈగలను గూర్చిన ఆతని మహాగ్రంథములో సిర్ఫిడ్ ఈగల సంపుటము 1822లో వెలువడెను. ఈనాటికిని ఆ యీగల పేర్ల చివర 'మైగెన్, 1822' అని కనబడునది అందువలననే. 1840లో తన సేకరణమును, చిత్రములను పారిసు మ్యూజియమునకు విక్రయించి, 1845లో స్టోల్‌బర్గున ఆతడు చనిపోయెను.

ఒకే ప్రజాతిలోని దగ్గఱి బంధువులను గుర్తించుట యెట్టి పనియో ఒక యుదాహరణము చూపుదును. హీలోఫిలస్ అను ప్రజాతి కలదు. ఆ గ్రీకు మాటకు చిత్తడిని ప్రేమించునది యని అర్థము. నల్లని వీపుపై నిలువున పసుపుచారలు, పొట్టపై పసుపు మచ్చలు. ఇంగ్లండులో సామాన్యముగ మూడు జాతులు కనబడును. మొగమున నడుమ చార నల్లగా లేక గోధుమ పసుపుగా నున్నచో అది ట్రైవిట్టేటస్, మూటిలో పెద్దది. మొగమున చార నలుపైనచో వెనుకకాలి పిక్కను చూడవలెను. పిక్క కొసన మూడవ వంతు మాత్రమే నలుపైనచో పెండ్యులస్; సగమో, అంతకు మించియో నలుపైనచో హైబ్రిడస్. ఇంత స్వల్పమైన గుర్తు! కాని ఆ గుర్తు వెనుక రెండు బ్రతుకులున్నవి. పెండ్యులస్ పేడగుంటయైన నేమి, కుళ్ళుమడుగైన నేమి, ఎక్కడనైనను పెరుగును. హైబ్రిడస్ జమ్ము మొలచిన నీటిపట్టులను ఆశ్రయించును. పిక్కమీది నలుపు కొలుచువానిని చూచి నవ్వవచ్చును. కాని ఆతడు కొలుచునది ఒక చెఱువు బాగోగులను.

మైగెను తరువాతి నూఱేండ్లు సంగ్రహకర్తల కాలము. వలతో పూలపై పట్టి, సూదికి గుచ్చి, పెట్టెలలో వరుసలు తీర్చిరి. చీటీపై ఊరును, తేదీయు వ్రాసిరి. చాలదా యనవచ్చును. పూవు సత్రము వంటిది. సత్రమున దిగినవారిని ఎంత శ్రద్ధగ చూచినను వారి స్వగ్రామము తెలియదు. ఈగ స్వగ్రామము దాని డింభకము పెరిగిన తావు: మురుగు, పేనుబంక పట్టిన రెమ్మ, ఉల్లిగడ్డవంటి దుంప, కందిరీగ గూడు, చచ్చిన మానిలోని తొఱ్ఱ. ఆ తావును చూడక రూపమును మాత్రమే నమ్మినందున రెండు విధముల పొరపాట్లు జరిగినవి. ఒకటిగ నున్నదానిని రెండనిరి. రెండుగ నున్నవానిని ఒకటనిరి.

మొదటిదానికి వాల్యుసెల్లా బాంబిలాన్స్ అను ఈగ తార్కాణము. శీతల దేశములలో ఒడలెల్ల బొచ్చుగల బొద్దు తుమ్మెదలుండును. ఒక జాతి తుమ్మెద నల్లగా నుండి తోక యెఱ్ఱగా నుండును. మఱికొన్నిటికి పసుపుపట్టెలు, తెల్లని తోక. ఈ ఈగలలోను రెండు రూపములు కలవు: ఒకటి ఎఱ్ఱతోక తుమ్మెదకు నకలు, రెండవది తెల్లతోక తుమ్మెదకు నకలు. సహజముగనే పూర్వులు రెండు పేర్లు పెట్టిరి. రెంటి డింభకములును తుమ్మెదల, కందిరీగల గూళ్ళ యడుగున చెత్తను తిని పెరుగునవే. గాబ్రిచెవ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు వీనిని పెంచి, జతపఱచి, ఒకే తల్లికి రెండు రూపముల పిల్లలును పుట్టుననియు, ఇది అనువంశిక వర్ణభేదమే కాని జాతిభేదము కాదనియు 1924లో ప్రకటించెను. పెట్టెలో రెండు వరుసలుగ నున్నవి ఒక్క ఇంటి బిడ్డలని తేలినది.

ఈ గాబ్రిచెవ్‌స్కీ జీవితమును తలచుకొన్నప్పుడు మనస్సు కలగును. 1893లో మాస్కోలో ప్రఖ్యాత సూక్ష్మజీవి శాస్త్రజ్ఞుని కుమారుడై పుట్టి, న్యూయార్కున మోర్గాను ప్రయోగశాలలోను, పారిసున పాస్చర్ సంస్థలోను పనిచేసెను. 1931లో మనోవ్యాధికి లోనై మ్యూనిక్ సమీపమున ఒక వైద్యాలయమున చేరెను. 1979లో చనిపోవువఱకు ఆతడు బయటికి రాలేదు. అక్కడ చిక్కిన కాగితపు ముక్కలపై వేలకొలది చిత్రములు వ్రాసెను. నేడు చిత్రకారుడుగనే ఆతని పేరు ఎక్కువమంది ఎఱుగుదురు. ఆ చిత్రములలో మనుష్యులును, పురుగులును, ఏదియు కాని రూపములును ఒకదానిలో నుండి ఒకటి వెలువడుచున్నట్లుండును.

రెండవ పొరపాటు మొదటిదానికంటె ప్రమాదకరమైనది. ప్లాటికైరస్ అను ప్రజాతి యున్నది. చప్పిడి చేయి యని ఆ పేరునకు అర్థము. మగయీగల ముంగాళ్ళు పలకలవలె వెడల్పగును. సన్నని నల్లని చిన్న ఈగలు, పొట్టపై పసుపుచుక్కలు. మైగెన్ 1822లో వర్ణించిన క్లిపియేటస్ అను జాతి ఐరోపా తడి పచ్చికబయళ్ళలో నంతటను కనబడుచుండెను. నూట అఱువదెనిమిది ఏండ్లకు, అనగా 1990లో, స్విట్జర్లాండువారు గోల్డ్‌లిన్, మైబాక్‌లును, ఐర్లండున పనిచేయు స్పైటును కలిసి, ఆ పేరు క్రింద మఱొక జాతియు దాగియున్నదని చూపిరి. ముంగాలి పిక్క ఏ తావున వెడల్పగునో, పాదపు మొదటి గణుపు అడుగున నల్లగుర్తు లెట్లున్నవో చూచి వారు దానిని వేఱుచేసిరి. దానికి ఒకల్టస్ అని పేరిడిరి. మరుగుపడినది యని అర్థము.

ఈ రెండింటి నివాసము ఒకటి కాదు. క్లిపియేటస్ తడిగల పచ్చిక యెక్కడున్నను సర్దుకొనును. ఒకల్టస్ ప్రధానముగ పీట్ భూములను, తడి బీళ్ళను ఆశ్రయించి బ్రతుకును. వేలయేండ్లుగా నాచును గడ్డియు సగము కుళ్ళి పేరుకొన్న నేలలే పీట్ భూములు. ఐర్లండున వానిని కోసి యెండబెట్టి వంటచెఱకుగ వాడిరి, పంటకొఱకు నీరు తీసివైచిరి. ఇప్పు డొక సంగతి ఆలోచింపుడు. ఒక బీడు ఎండిపోయి అందలి ఒకల్టస్ నశించినదనుకొందము. పక్క పచ్చికలో క్లిపియేటస్ ఎగురుచునే యుండును. లెక్క వ్రాయువాడు 'ఉన్నది' యని వ్రాయును. రెంటికిని ఒకే పేరున్నంతకాలము ఒకదాని చావు రెండవదాని బ్రతుకు చాటున మరుగుపడును. చచ్చినదానికి చావు లెక్కలోనికి వచ్చుటకైనను ముందు పేరుండవలెను.

ఇదే ప్రజాతిలో స్కుటేటస్ అను మఱొక మైగెను జాతినుండి 1998లో స్ప్లెండిడస్‌ను వేఱుచేసినవాడు గ్రాహం రాథరే. ఎడింబరోలోని స్కాట్లండు జాతీయ మ్యూజియములో కీటకముల బాధ్యత వహించినవాడు. ఈతడు పూలదగ్గఱ వల పట్టుకొని నిలువక, డింభకముల నివాసములను వెదకిన శాస్త్రజ్ఞుడు. ఆకుల క్రింద, బెఱడు క్రింద, తొఱ్ఱల నీటిలో చేయిపెట్టి తీసి, పెంచి, ఏ పురుగు ఏ ఈగ యగునో చూచి, 1993లో సిర్ఫిడ్ డింభకములకు రంగుల చిత్రములతో ఒక మార్గదర్శిని ప్రకటించెను.

ఆ పద్ధతి వలన కలిగిన ఫలితము ఆశ్చర్యకరము. కాలిసెరా రూఫా అను బంగరు నూగుగల ఈగ స్కాట్లండున మిక్కిలి అరుదైనదని, నశింపవచ్చినదని తలచుచుండిరి. అది చెట్లపైభాగమున నెగురును, వలకు చిక్కదు. రాథరేయు, మెక్‌గోవనును పైన్ చెట్ల తొఱ్ఱలలో నిలిచిన నీటిని గాలించి దాని డింభకములను వెదకిరి. అనేక వనములలో దొరకినవి! 1990లో వారు ఆ సంగతి ప్రకటించిరి. అరుదైనది ఈగ కాదు, దానిని చూచు కన్ను.

అన్నింటను ఇట్టి శుభవార్తయే వచ్చినదని చెప్పజాలను. బ్లెరా ఫాలాక్స్ అను పైన్ ఈగకు 1758లో లినీయస్ పెట్టిన పేరు; ఫాలాక్స్ అనగా మోసగించునది. నల్లని దేహము, ఎఱ్ఱని తోక. బ్రిటనులో ఇది స్కాట్లండున స్పే నదీలోయలోని పైన్ వనములకే పరిమితమై, అక్కడను తరిగిపోవుచు వచ్చినది. కారణము దాని స్వగ్రామమును బట్టి తెలిసినది. ముదుసలి పైన్‌చెట్టు చేవను ఒక శిలీంధ్రము తినివేయును. ఆ చెట్టు పడినప్పుడో, కొట్టినప్పుడో మిగిలిన మోడునడుమ మెత్తని గుంట యేర్పడి, నీరు నిలిచి, కుళ్ళును. ఆ గుంటలోనే డింభకము పెరుగవలెను. వయస్సు రాకముందే చెట్లను కొట్టు అడవులలో చేవ కుళ్ళదు. మోడులుండును గాని గుంటలుండవు. అందుచేత అక్కడి పనివారు రంపములతో మోడులలో గుంటలు తొలిచి, పైన్ పొట్టును నీటితో కలిపి నింపిరి. కొన్నింటిలో ఈగలు గ్రుడ్లు పెట్టినవి. స్కాట్లండు రాయల్ జంతుశాస్త్ర సంఘమువారు తమ హైలాండు వన్యమృగ వనములో ఈ ఈగలను పెంచి, డింభకములను అడవి మోడులలో విడిచిరి. 2022లో అడవిలో రెక్కల యీగ మరల కనబడెను. దాదాపు పదియేండ్లుగా అక్కడ దానిని చూచినవారు లేరు.

నేడు గుర్తుపట్టు సాధనములు పెరిగినవి. దుంపలలో పెరుగు మెరొడాన్ ఈగలు బాల్కను దేశములలోను, మధ్యధరా తీరమునను పెక్కు; కంటికి ఒకటిగ కనబడు వానిని సెర్బియాలోని నోవీసాద్ నగరపు శాస్త్రజ్ఞులు రెక్కల ఆకారమును లెక్కలతో కొలిచి, వంశద్రవ్యమగు డి.ఎన్.ఏ.ను పోల్చి, నివాసములను పరిశీలించి వేఱుచేయుచున్నారు. ఒక్క డి.ఎన్.ఏ. చాలునని వారు చెప్పుట లేదు; రూపము, రెక్క, వంశద్రవ్యము, నివాసము నాలుగును ఒక్కమాట చెప్పిననే పేరు పెట్టుచున్నారు. ఇట్టి శ్రమవలననే 2022లో ఐరోపా సిర్ఫిడ్ ఈగల స్థితిగతుల పట్టిక సాధ్యమయినది. అందు 890 జాతులను పరిశీలించిరి. మూడవవంతుకు పైగా జాతులకు నాశభయమున్నదని తేలినది.

ఇక మనదేశము సంగతి. కోనిగ్ పోయిన నూఱేండ్లకు పైబడి, ఎన్రికో బ్రూనెట్టి అను నాతడు కలకత్తా చేరెను. వృత్తి సంగీతము, వ్యసనము ఈగలు. ఇండియన్ మ్యూజియములోని పెట్టెలను ఒక్కొక్కటి తీసి చూచి, దేశపు నలుమూలలనుండి వచ్చిన సిర్ఫిడ్ ఈగలను వర్ణించి 1923లో బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో ఒక సంపుటము ప్రకటించెను. నాలుగేండ్లకు ఆతడు చనిపోయెను. శతాబ్ది గడచినను మనవారు ఈ యీగలను గుర్తింపబూనినప్పుడు ఆ పుస్తకమునే తెఱచుచున్నారు. అది పెద్ద పనియే. ఐతే అదియు ప్రధానముగ సత్రపు పద్దే. అందలి పెక్కు జాతుల డింభకములు ఎక్కడ పెరుగునో నేటికిని వ్రాయబడలేదు.

తెలిసినవి కొన్ని మన పెరటిలోనే యున్నవి. ఫాబ్రీషియస్ 1805లో పేరుపెట్టిన స్కుటెల్లారిస్ అను ఈగ, నేడు ఇస్కియోడాన్ ప్రజాతిలో చేర్పబడినది, మన చేలలో సాధారణము. పసుపుమొగము, నల్లని పొట్టపై పసుపుపట్టెలు. మగదానికి వెనుకకాలి మొదట చిన్న ములుకుండును. దాని డింభకము పేనుబంకను తినును. కాళ్ళులేక, పచ్చగా, చిన్న జలగవలె నుండి, పేనును నోటితో పట్టి పైకెత్తి, లోపలి రసము పీల్చి, తోలును విడుచును. పెరుగుటలోపల వందలకొలది పేలను ఇట్లు హరించును. దానిని ఆకుతిను పురుగని తలచి నలిపివేయువారును కలరు. పేనుబంకతోపాటు దీనిని చంపు మందు చల్లినచో, ముందుగా తిరిగి వచ్చునది పేనుబంకయే.

శ్రోతలలో ఎవరికైనను కుతూహలమున్నచో చిక్కుడుతీగపై పేనుబంక పట్టినప్పుడు ఆకు త్రిప్పి చూడవచ్చును. పచ్చని జలగవంటి పురుగు కనబడినచో, పేనుబంకగల రెమ్మతోనే దానిని గాజుసీసాలో నుంచి, మూతికి పలుచని గుడ్డ కట్టవలెను. రెండుమూడు దినముల కొకసారి క్రొత్త రెమ్మ వేయవలెను. పురుగు తిండి మాని ఆకున కంటుకొని నీటిబొట్టు ఆకారమున బిగుసుకొనును. వారము దినములు గడచునప్పటికి ఈగ బయటికి వచ్చును. అది యే జాతియో అప్పటికి తెలియకపోయినను, ఈగను, విడిచిన తోలును, మొక్క పేరును ఒకే చీటీతో కట్టి భద్రపఱచినచో, బ్రూనెట్టి పెట్టెలలో లేని సంగతి యొకటి దానిలో నుండును.